గ్రాహం అలెగ్జాండర్ (ఫుట్‌బాల్ డిఫెండర్)

గ్రాహం అలెగ్జాండర్ (జననం: 1971 అక్టోబరు 10, కోవెంట్రీ, ఇంగ్లండ్) ఇంగ్లిష్ లీగ్ ఫుట్‌బాల్‌లో ఇరవై ఏళ్ళకు పైగా ఆడిన రైట్ బ్యాక్, ఆ తర్వాత మేనేజరు. స్కన్‌థార్ప్ యునైటెడ్, లూటన్ టౌన్, ప్రెస్టన్ నార్త్ ఎండ్, బర్న్‌లీ క్లబ్బుల తరఫున, స్కాట్లండ్ జాతీయ జట్టు తరఫున కలిపి వెయ్యికి పైగా మ్యాచ్‌లు ఆడాడు. ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్లను మినహాయిస్తే ఆ సంఖ్యను అతనికన్నా ముందు చేరినవాడు గ్రిమ్స్‌బీకి చెందిన టోనీ ఫోర్డ్ ఒక్కడే. డిఫెండరై ఉండి లీగ్ మ్యాచ్‌లలోనే వందకు పైగా గోల్స్ చేశాడు. వాటిలో ఎక్కువ భాగం పెనాల్టీలు. 37 ఏళ్ళ వయసులో తొలిసారి ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. చాలామంది డిఫెండర్లు ఆట మానేసి ఏళ్ళు గడిచిపోయే వయసది.

కింది శ్రేణుల్లో ఆట

ఈ ఆటగాడి గొప్పతనం తెలియాలంటే ఇంగ్లండ్‌లో లీగులు ఎలా నడుస్తాయో తెలియాలి. పైన ప్రీమియర్ లీగ్, దాని కింద మూడు డివిజన్లు. నాలుగింటిలో కలిపి 92 క్లబ్బులు. పైన ఇరవై, కింది మూడింటిలో ఒక్కో దానిలో ఇరవై నాలుగు. ఏటా బాగా ఆడినవి ఒక మెట్టు పైకి వెళతాయి, అట్టడుగున మిగిలినవి ఒక మెట్టు కిందికి దిగుతాయి. నేరుగా పైకి పోలేక ఆ తర్వాతి స్థానాల్లో నిలిచిన కొన్ని జట్లకు ప్లేఆఫ్ అనే మరో అవకాశం ఉంటుంది. సెమీఫైనల్స్ దాటితే ఒక్క ఫైనల్, సాధారణంగా లండన్‌లోని వెంబ్లీలో. ఏడాది శ్రమంతా ఆ ఒక్క పూటలో తేలిపోతుంది.

ప్రీమియర్ లీగ్ జట్టు సీజనుకు 38 లీగ్ మ్యాచ్‌లు ఆడుతుంది. కింది డివిజన్ల జట్టు 46 ఆడుతుంది. ఆగస్టు నుంచి మే దాకా ప్రతి శనివారం, మధ్యలో వచ్చే చాలా మంగళవారం రాత్రులు కూడా ఆటే. చలికాలంలో మైదానం బురదయ్యేది, బస్సు ప్రయాణాలు అర్ధరాత్రి దాటేవి, వచ్చే ఏడాది కాంట్రాక్టు ఉంటుందో లేదో చాలామందికి మే నెల దాకా తెలిసేది కాదు. అక్కడ డిఫెండరు నుంచి ముందుగా కోరేది ఏ వారమైనా జట్టుకు అందుబాటులో ఉండటం. అలెగ్జాండర్ ఏటా సగటున నలభైకి దగ్గరగా లీగ్ మ్యాచ్‌లు ఆడాడు, ఇరవై ఏళ్ళకు పైబడి. ఇంత ఒంటి పట్టు, ఇంత క్రమశిక్షణ పెద్ద తారల్లోనూ అరుదు. అతని రికార్డులన్నిటిలోకీ ముందు చెప్పుకోవలసింది ఇదే.

స్కన్‌థార్ప్, లూటన్

స్కన్‌థార్ప్ ఉక్కు కర్మాగారం చుట్టూ పెరిగిన ఊరు. అక్కడి జట్టును అభిమానులు ‘ది ఐరన్’ అంటారు. అలెగ్జాండర్ అక్కడే శిక్షణ పొంది 1991లో మొదటి జట్టులోకి వచ్చాడు. క్లబ్బు అప్పుడు అట్టడుగు డివిజన్‌లో ఉండేది. తొలినాళ్ళలో అతను మిడ్‌ఫీల్డ్‌లో ఎక్కువగా కనిపించేవాడు. తర్వాతి కాలంలో రైట్ బ్యాక్‌గా కుదురుకున్నాక బంతిని ముందుకు చేర్చడంలో అతనికి ఆ అనుభవం పనికొచ్చింది. 1992 మేలో స్కన్‌థార్ప్ వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్ ఆడింది. బ్లాక్‌పూల్‌తో 1-1 వద్ద నిలిచి, పెనాల్టీ షూటౌట్‌లో 4-3తో ఓడి, పై మెట్టు ఎక్కే అవకాశాన్ని పోగొట్టుకుంది.

1995 వేసవిలో అతను లూటన్‌కు మారాడు. రెండో శ్రేణిలో ఉన్న ఆ క్లబ్బు మొదటి సీజన్‌లోనే మూడో శ్రేణికి జారింది. 1997లో ప్లేఆఫ్ సెమీఫైనల్‌లో క్రూ చేతిలో ఓడింది. అలెగ్జాండర్ అక్కడ 150 లీగ్ మ్యాచ్‌లు ఆడాడు. 1999 మార్చిలో, క్లబ్బు ఆర్థికంగా చితికి ఉన్న సమయంలో, ప్రెస్టన్‌కు వెళ్ళాడు. అప్పటికి అతని వయసు 27. ఆ వయసుకు మూడో శ్రేణిలో ఉన్న డిఫెండరు గురించి జాతీయ పత్రికలేవీ రాయవు.

ప్రెస్టన్

ప్రెస్టన్ నార్త్ ఎండ్ మామూలు క్లబ్బు కాదు. 1888లో మొదలైన ఫుట్‌బాల్ లీగ్‌కు తొలి విజేత. ఆ ఏడాది లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, ఎఫ్.ఏ. కప్పునూ గెలిచింది. తర్వాతి రోజుల్లో టామ్ ఫిన్నీ లాంటి ఆటగాడు జీవితమంతా ఆడిన క్లబ్బిది. ఇంత చరిత్ర ఉన్నా 1981 నుంచి మూడు, నాలుగు శ్రేణుల్లోనే కొట్టుమిట్టాడుతూ వచ్చింది. అలెగ్జాండర్ చేరేనాటికి మేనేజరు డేవిడ్ మోయెస్, తర్వాత ఎవర్టన్‌లో పేరు తెచ్చుకున్నవాడు. 1999-2000లో ప్రెస్టన్ మూడో శ్రేణి విజేతగా నిలిచి పంతొమ్మిదేళ్ళ తర్వాత రెండో శ్రేణికి చేరింది.

ఆ పై మెట్టు, ప్రీమియర్ లీగ్, మాత్రం అందలేదు. 2001లో ప్లేఆఫ్ ఫైనల్లో బోల్టన్ చేతిలో 3-0తో, 2005లో వెస్ట్‌హామ్ చేతిలో 1-0తో జట్టు ఓడింది. ఆ రెండు ఫైనల్సూ కార్డిఫ్‌లో జరిగాయి, వెంబ్లీని కూల్చి కొత్తగా కట్టే రోజులవి. 2006లో సెమీఫైనల్లోనే లీడ్స్ అడ్డుకుంది. మేనేజర్లు మారారు, సహచరులు వచ్చారు, పోయారు. రైట్ బ్యాక్ స్థానంలో మాత్రం ఎనిమిదేళ్ళకు పైగా అలెగ్జాండరే. ఈ విడతలోనే 350 దాకా లీగ్ మ్యాచ్‌లు ఆడి యాభైకి పైగా గోల్స్ చేశాడు. ఫార్వర్డుల్లోనే చాలామందికి అందని లెక్క ఇది.

పెనాల్టీ

గోలుకు పన్నెండు గజాల దూరంలో సున్నపు చుక్క, ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. చూసేవాళ్ళకు సులువుగా కనిపిస్తుంది. తన్నేవాడికి మాత్రం గోల్ పడితే మామూలే, పడకపోతే వారం రోజులు అదే గుర్తుంటుంది. కొందరు కీపర్ కదిలేదాకా ఆగి, రెండో వైపుకు మెల్లగా దొర్లిస్తారు. అలెగ్జాండర్‌ది అలాంటి పద్ధతి కాదు. బంతిని స్థిమితంగా పెట్టి, నిటారుగా పరుగెత్తి వచ్చి, బలంగా కొట్టేవాడు. కీపర్ సరైన వైపు దూకినా బంతి వేగం ముందు చేతులు చాలేవి కావు. డిఫెండర్‌కు పెనాల్టీల బాధ్యత అప్పగించడం సాధారణంగా జరగదు. అతను మారిన క్లబ్బుల్లో ఆ బాధ్యత అతని వెంటే నడిచింది. ఇన్నేళ్ళ పాటు ఆ నిబ్బరం చెక్కుచెదరలేదంటే కాలి బలం ఒక్కటే కారణమని నేననుకోను. మళ్ళీ మళ్ళీ అదే పని చేయడానికి భయపడకపోవడం దానికన్నా కష్టం.

స్కాట్లండ్ జట్టులో

కోవెంట్రీలో పుట్టినా తండ్రి వైపు నుంచి స్కాట్లండ్‌కు ఆడే అర్హత వచ్చింది. 2002 ఏప్రిల్‌లో, ముప్ఫై ఏళ్ళ వయసులో, అబెర్డీన్‌లో నైజీరియాపై తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాడు. మేనేజరు జర్మనీకి చెందిన బెర్టీ ఫోక్ట్స్. అప్పటికి అతను ప్రీమియర్ లీగ్‌లో ఒక్కరోజైనా ఆడలేదు. చివరికి 40 మ్యాచ్‌లు ఆడాడు.

వాటిలో ఒకటి ప్రత్యేకం. 2007 సెప్టెంబరు 12న పారిస్‌లోని పార్క్ దె ప్రాన్స్ మైదానంలో స్కాట్లండ్ 1-0తో ఫ్రాన్స్‌ను ఓడించింది. ఏడాది ముందే ప్రపంచకప్ ఫైనల్ ఆడిన జట్టది. జేమ్స్ మెక్‌ఫాడెన్ దూరం నుంచి కొట్టిన బంతిని అందరూ గుర్తుంచుకుంటారు. ఆ రోజు అలెగ్జాండర్ ఆడింది తనకు అలవాటు లేని ఎడమ వైపు. గోల్ పడ్డాక మిగిలిన సమయమంతా స్కాట్లండ్ రక్షణపైనే భారం పడింది. కొన్ని వారాల ముందే అతను బర్న్‌లీతో ఒప్పందం చేసుకుని ఉన్నాడు. అంటే, రెండో శ్రేణి డిఫెండరు ఆ రాత్రి ఫ్రాన్స్‌ను ఆపినవాళ్ళలో ఒకడు.

బర్న్‌లీ

2007 ఆగస్టులో, 35 ఏళ్ళు దాటాక, ప్రెస్టన్ వదిలి లాంకషైర్‌లోనే ఉన్న బర్న్‌లీలో చేరాడు. ఒకప్పుడు నూలు మిల్లులతో వెలిగిన చిన్న ఊరు అది. క్లబ్బు 1976 తర్వాత అగ్రశ్రేణి ముఖం చూడలేదు. మేనేజరు ఓవెన్ కోయిల్ వచ్చాక అతన్ని క్రమంగా మిడ్‌ఫీల్డ్‌లోకి, డిఫెన్సు ముందు కాపలా కాసే స్థానంలోకి తెచ్చాడు. మైదానం అంచు వెంట పరుగులు తీయడం తగ్గి, ఆటను ముందే చదివి ఆపే పని పెరిగింది. వయసు మీద పడుతున్న ఆటగాడికి ఇంతకన్నా సరైన మార్పు ఉండదు.

2008-09 ఆ ఊరు మరిచిపోలేని సీజన్. లీగ్ కప్పులో బర్న్‌లీ చెల్సీని వాళ్ళ మైదానం స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో పెనాల్టీలలో, ఆ తర్వాత సొంత మైదానం టర్ఫ్ మూర్‌లో అర్సెనల్‌ను 2-0తో ఓడించి సెమీఫైనల్ చేరింది. టోటెన్‌హామ్‌తో మొదటి మ్యాచ్ 4-1తో ఓడి, రెండో మ్యాచ్‌లో 90 నిమిషాల్లో మూడు గోల్స్ వేసి మొత్తం స్కోరును సమం చేసింది. ఎక్స్‌ట్రా టైమ్ అలాగే ముగిస్తే ప్రత్యర్థి మైదానంలో వేసిన గోల్ లెక్కతో బర్న్‌లీదే ఫైనల్. 118వ నిమిషంలో టోటెన్‌హామ్ ఒకటి వేసింది, ఆఖరి నిమిషంలో మరొకటి. వెంబ్లీకి రెండు నిమిషాల దూరంలో ఆగిపోయిన జట్టు అక్కడితో కుంగిపోలేదు. ఐదో స్థానంతో ప్లేఆఫ్ చేరింది. సెమీఫైనల్ మొదటి మ్యాచ్ చివర్లో రీడింగ్‌పై దొరికిన పెనాల్టీని అలెగ్జాండర్ గోలుగా మార్చాడు. ఆ మ్యాచ్‌లో పడిన గోల్ అదొక్కటే. మే 25న వెంబ్లీలో వేడ్ ఎలియట్ గోలుతో షెఫీల్డ్ యునైటెడ్‌పై 1-0 గెలుపు. అది ఆ సీజన్‌లో బర్న్‌లీకి 61వ మ్యాచ్.

అలా 2009 ఆగస్టు 15న స్టోక్ సిటీ మైదానంలో అలెగ్జాండర్ ప్రీమియర్ లీగ్‌లో తొలిసారి ఆడాడు. గోల్‌కీపర్లను పక్కన పెడితే అంత పెద్ద వయసులో ఆ లీగ్‌లో అరంగేట్రం చేసినవారు చాలా అరుదు. ఆ మ్యాచ్ ఓడినా, నాలుగు రోజులకే బర్న్‌లీ సొంత గడ్డపై మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించింది. ఆ సీజన్‌లో అతను చేసిన ఏడు గోల్స్‌లో ఎక్కువ భాగం పెనాల్టీలే. ఆ ఏడు గోల్స్‌లో హల్ సిటీపై సొంత మైదానంలో రెండు, వాళ్ళ మైదానంలో మరో రెండు.

లాంకషైర్‌లో బర్న్‌లీకి ఆజన్మ ప్రత్యర్థి పక్క ఊరి బ్లాక్‌బర్న్ రోవర్స్. ఆ ఏడాది రెండు మ్యాచ్‌లూ బ్లాక్‌బర్నే గెలిచింది. తెలుగువాడైన బి.వి.రావు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన వెంకటేశ్వర హేచరీస్ కుటుంబం 2010 నవంబరులో కొన్న క్లబ్బు ఆ బ్లాక్‌బర్నే. అప్పటికి బర్న్‌లీ ప్రీమియర్ లీగ్‌లో లేదు. 2010 జనవరిలో కోయిల్ బోల్టన్‌కు వెళ్ళిపోయాక జట్టు తేరుకోలేక, 30 పాయింట్లతో 18వ స్థానంలో నిలిచి కిందికి దిగింది. అలెగ్జాండర్ ప్రీమియర్ లీగ్ ఆట ఆ ఒక్క సీజనే. పద్దెనిమిదేళ్ళు ఎక్కి చేరిన మెట్టు మీద తొమ్మిది నెలలు. అన్యాయమనిపిస్తుంది కానీ, ఆ తొమ్మిది నెలల్లో అతను అక్కడ నిలబడలేడని అన్నవాళ్ళ మాట నిజం కాలేదు.

వెయ్యో మ్యాచ్, ఆఖరి మ్యాచ్

2011 ఏప్రిల్ 16న స్వాన్సీ సిటీపై ఆట చివర్లో సబ్‌స్టిట్యూట్‌గా దిగడంతో అతని వెయ్యో మ్యాచ్ పూర్తయింది. అప్పటికి 39 ఏళ్ళు. ఆ వేసవిలో మళ్ళీ ప్రెస్టన్ చేరాడు. క్లబ్బు అప్పుడే మూడో శ్రేణికి పడిపోయింది. ఆడుతూనే కోచింగ్ పనులు చూశాడు. ఆ డిసెంబరులో మేనేజరును తీసేసినప్పుడు మరో కోచ్ డేవిడ్ అన్స్‌వర్త్‌తో కలిసి కొన్ని వారాలు జట్టును నడిపాడు.

2012 ఏప్రిల్ 28న ప్రెస్టన్ సొంత మైదానం డీప్‌డేల్‌లో ఆ ఏటి విజేత చార్ల్‌టన్‌పై ఆఖరి మ్యాచ్. ప్రెస్టన్ 2-1తో వెనకబడి ఉంది. ఇంజురీ టైమ్‌లో ఫ్రీకిక్ దొరికింది. నలభై ఏళ్ళ అలెగ్జాండర్ దాన్ని నేరుగా గోల్‌లోకి కొట్టి స్కోరు 2-2 చేశాడు. మైదానమంతా లేచి నిలబడింది.

మేనేజరుగా

2012 డిసెంబరులో లాంకషైర్ తీరంలోని రేవు పట్టణం ఫ్లీట్‌వుడ్ అతనికి తొలి మేనేజరు ఉద్యోగం ఇచ్చింది. ఆ ఏడాదే తొలిసారి లీగ్‌లోకి వచ్చిన క్లబ్బును 2014లో వెంబ్లీ ప్లేఆఫ్ ఫైనల్‌లో బర్టన్‌పై 1-0 గెలుపుతో మూడో శ్రేణికి చేర్చాడు. తర్వాత స్కన్‌థార్ప్‌కు తిరిగివచ్చి రెండేళ్ళు పనిచేశాడు. 2016-17లో జట్టు మూడో స్థానంలో నిలిచింది, ప్లేఆఫ్‌లో మిల్‌వాల్ చేతిలో ఓడింది. మాంచెస్టర్ యునైటెడ్ పాత ఆటగాళ్ళ యాజమాన్యంలోని శాల్‌ఫర్డ్ సిటీని 2019లో, ఫైల్డ్‌పై 3-0 విజయంతో, మొదటిసారి లీగ్‌లోకి తెచ్చాడు. స్కాట్లండ్‌లో మదర్‌వెల్‌ను 2021-22లో ఐదో స్థానానికి చేర్చి యూరప్ పోటీలకు అర్హత సాధించాడు. ఆ పోటీల్లో ఐర్లండ్ జట్టు స్లైగో రోవర్స్ చేతిలో ఓడాక పదవి వదిలాడు. 2023లో ఎం.కె. డాన్స్‌లో కొన్ని నెలలే ఉన్నాడు.

ఆ ఏడాది నవంబరులో బ్రాడ్‌ఫర్డ్ సిటీ బాధ్యతలు చేపట్టాడు. 2013లో లీగ్ కప్పు ఫైనల్ ఆడిన క్లబ్బు అప్పటికి నాలుగో శ్రేణిలో ఏళ్ళుగా చిక్కుకుని ఉంది. 2025 మే 3న, సీజన్ ఆఖరి మ్యాచ్‌లో, గెలిస్తేనే నేరుగా పైకి వెళ్ళే పరిస్థితి. ఎదురుగా ఫ్లీట్‌వుడ్, తనకు తొలి మేనేజరు ఉద్యోగం ఇచ్చిన క్లబ్బు. 96వ నిమిషంలో ఆంటోని సార్సెవిచ్ గోలుతో బ్రాడ్‌ఫర్డ్ 1-0తో గెలిచి, మూడో స్థానంతో మూడో శ్రేణికి చేరింది.