హైదరాబాద్ వరద రక్షణ: గండిపేట నుంచి బతుకమ్మకుంట దాకా

1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద తర్వాత, అలాంటిది మళ్లీ రాకుండా హైదరాబాద్ నగరం చేసుకున్న ఏర్పాట్ల చరిత్ర ఇది. ఎగువన జంట జలాశయాలు, నగరంలో కరకట్టలు, చెరువుల చుట్టూ నిర్మాణ ఆంక్షలు, నాలాల విస్తరణ, విపత్తు దళాలు ఇందులోకి వస్తాయి. భారతదేశంలో ఒక నగరం వరదను లెక్కగట్టి, దాని కోసం ఎగువన చోటు కేటాయించిన తొలినాటి ప్రయత్నాల్లో ఇదొకటి. ఆ చోటును తర్వాతి తరాలు ఏ కళ్లతో చూశాయన్నదే మిగతా కథ.

ఏరు, ఊరు

వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ, లంగర్‌హౌజ్ ప్రాంతంలో ఈసీని కలుపుకొని నగరం మధ్యగా పారి, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 1591లో కులీ కుతుబ్ షా నగరాన్ని కట్టింది దీని దక్షిణపు ఒడ్డున. ఏడాదిలో ఎక్కువ రోజులు మూసీ ఒక సన్నని పాయ. ఇంత చిన్న ఏటికి అంత వెడల్పు గర్భం దేనికని ఎవరూ అడగలేదు. పేటలు మెల్లగా అందులోకే దిగాయి.

నగరానికి ఎగువనున్న పల్లెల్లో గొలుసుకట్టు చెరువులుండేవి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కాలువ వెంట కింది చెరువులోకి వెళతాయి. మామూలు వానలకు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. కానీ పై కట్ట తెగిందంటే, కింది కట్ట మీద ఒక్కసారిగా చెరువుకు చెరువే వచ్చి పడుతుంది.

1908 సెప్టెంబరు చివర్లో జరిగింది అదే. శంషాబాద్ వర్షమాపకంలో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన నమోదైంది. మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. 28వ తేదీన నగరంలో ప్రవాహం 4,25,000 క్యూసెక్కులకు చేరిందని తర్వాత లెక్కగట్టారు. అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. రెండు ఒడ్లనూ కలిపేది కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ ఒక్కటే మిగిలింది. కోల్సావాడి లాంటి పేటలు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారి సంఖ్య సుమారు 15 వేలని చెబుతారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురును ఆ ఒక్క రోజే పోగొట్టుకున్నాడు.

ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణ అప్పట్లో అఫ్జల్ పార్కు. అక్కడి చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇంకా ఉంది. రోగుల బంధువులు దాని నీడలోనే కూర్చుంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఉప్పొంగిన ఏటికి చీర, పసుపు కుంకుమలు సమర్పించి హారతిచ్చాడన్న కథ పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దాని నిజానిజాలెలా ఉన్నా, ఆయన నిరాశ్రయులకు తన మహళ్ల తలుపులు తెరవడమూ, వరద తగ్గాక ఒక ఇంజనీరుకు కబురు పంపడమూ చరిత్రలో ఉన్నవే.

విశ్వేశ్వరయ్య నివేదిక

బొంబాయి ప్రెసిడెన్సీ కొలువు నుంచి బయటికొచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు ఆ కబురు విదేశీ పర్యటనలో ఉండగా అందింది. పర్యటన ముగించుకొని ఆయన 1909 ఏప్రిల్‌లో పనిలో చేరి, అదే ఏడాది అక్టోబరు 1న నివేదిక ఇచ్చాడు. అంటే అయిదున్నర నెలలు.

నగరంలో గోడలు ఎత్తుగా కడితే చాలనే వాదన అప్పుడూ ఉండే ఉంటుంది. ఆయన మాత్రం వరదను నగరం గుమ్మం దాకా రానివ్వకూడదన్నాడు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, నగరానికి కొన్ని మైళ్ల ఎగువన రెండు జలాశయాలు కట్టాలి. వరద వచ్చినప్పుడు వాటిలో పట్టి నిలిపి, కింద ఏటిగర్భం మోయగలిగినంతే వదలాలి. నగరంలో ఒడ్లను ఎత్తు చేసి, వాటి మీద జనం తిరిగే దారులూ తోటలూ పెట్టాలి. మురుగు పారుదలకు వేరే పథకం వేయాలి. ఇందులో మొదటిదానికి ప్రాణం ఒక చిన్న షరతులో ఉంది. వాన మొదలయ్యేసరికి జలాశయంలో కొంత భాగం ఖాళీగా ఉండాలి. నిండుకుండలో వరదను దాచలేం.

జలాశయాలు, సుధార బోర్డు

1911లో గద్దెనెక్కిన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆ నివేదికను అటకెక్కించలేదు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ పని 1913లో మొదలై 1920లో పూర్తయింది. జనం దాన్ని ఆ పక్క ఊరి పేరుతో గండిపేట అనే పిలిచారు, ఇప్పటికీ అంతే. కట్ట తెగడాన్ని గండి పడటం అనే భాషలో, వరదనాపే చెరువుకు దక్కిన పేరు అది. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927కు తయారైంది. హైదరాబాద్ సంస్థానపు ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పేరు దానితో ముడిపడి ఉంది. నిల్వ సామర్థ్యం ఉస్మాన్ సాగర్‌కు 3.9 టీఎంసీలు, హిమాయత్ సాగర్‌కు 2.97 టీఎంసీలు.

1912లో ఏర్పడిన నగర సుధార బోర్డు నదీతీరంలో ఇరుకు పేటలు తీసేసి, రోడ్లు వెడల్పు చేసి, పత్తర్‌గట్టి లాంటి కొత్త బజార్లు కట్టింది. దక్షిణపు ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఆ తర్వాత అసఫియా గ్రంథాలయం లేచాయి. వరద ఊడ్చేసిన ఒడ్డున ఇళ్లు మళ్లీ మొలవకముందే ప్రభుత్వ భవనాలు పెట్టేయడం తెలివైన పని. ఆ పేటల్లోంచి లేపిన పేదవాళ్ల వైపు నుంచి ఈ కథ రాసినవాళ్లు మాత్రం తక్కువ.

వరద చెరువు మంచినీళ్ల చెరువైన తీరు

గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచి వెళ్లడని నగరంలో నానుడి. వరదను ఆపడానికి పుట్టిన జలాశయం నగరానికి కొళాయి నీళ్లిచ్చింది, జనంలో దానికి పేరు అలాగే వచ్చింది. మంచినీళ్ల కోసమైతే చెరువు నిండుగా ఉండాలి, వరద కోసమైతే ఖాళీ ఉండాలి. రోజూ కనిపించేది కొళాయి, తరానికోసారి వచ్చేది వరద. ఏ అవసరం గెలిచిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ మంచినీళ్ల కోసమే 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. రెండు జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కి.మీ. పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. ఆ పరిధిలో ఒక నూనె పరిశ్రమ పెట్టే విషయంలో వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. హాని జరిగినట్టు రుజువయ్యేదాకా ఆగనక్కర్లేదు, ముందే జాగ్రత్తపడవచ్చన్న సూత్రాన్ని కోర్టు ఆ కేసులో గట్టిగా నిలబెట్టింది. ఇవాళ దేశంలో పర్యావరణ చట్టం చదివేవాళ్లందరూ ఆ తీర్పు చదువుతారు.

తర్వాత కృష్ణా, గోదావరి నీళ్లు నగరానికి వచ్చాయి. జంట జలాశయాల మీద ఆధారం తగ్గింది. ఆ మాటే పట్టుకొని 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ప్రభుత్వం 84 గ్రామాల మీది ఆంక్షలు సడలించింది. మంచినీళ్ల అవసరం తీరింది నిజమే. జలాశయాలు కట్టింది దేనికోసమో ఆ చర్చలో వినిపించింది తక్కువ.

మూసీ దాకా పోకుండానే ముంపు

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన పడింది. మునిగిన ఇళ్లు నదీతీరానివి మాత్రమే కావు. కూకట్‌పల్లి నాలా హుస్సేన్ సాగర్‌లోకి మోసుకొచ్చిన నీరు, సాగర్ నుంచి దోమలగూడ, అశోక్‌నగర్ మీదుగా మూసీకి పోవాల్సిన నీరు, దారి చాలక కాలనీల్లోకి ఎక్కింది. జంట జలాశయాలు ఈ నీటిని ఆపలేవు, ఎందుకంటే ఇది వాటికి దిగువన, నగరం నెత్తిన పడిన వాన. విశ్వేశ్వరయ్య కాలంలో ఈ వానను పొలాలూ చెరువులూ తాగేవి. ఆ చెరువుల్లో మాసబ్ ట్యాంక్ లాంటివి బస్టాపు పేరుగా మిగిలాయి.

2003లో కిర్లోస్కర్ సంస్థ వాననీటి పారుదల మీద నివేదిక ఇచ్చింది. నాలాలను వెడల్పు చేయాలంటే వాటి మీద లేచిన కట్టడాలు తీయాలని అందులో ఉంది. ఆ తర్వాత ప్రతి వానాకాలంలోనూ ఆ నివేదిక పేరు పత్రికల్లో కనిపించింది, పని కనిపించలేదు.

2020 అక్టోబరు 13 రాత్రి ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి బెంగళూరు జాతీయ రహదారి మీదికి వచ్చింది. కొద్ది రోజులకే బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి పాతబస్తీ కాలనీలు మునిగాయి. 1908లో 221 చెరువులు చేసిన పనిని ఈసారి రెండు మూడు చెరువులు చిన్న ఎత్తున చేసి చూపించాయి.

శిఖం భూములు

చెరువు నిండితే మునిగే నేలను రెవెన్యూ లెక్కల్లో శిఖం అంటారు. ఎండాకాలంలో చూసేవాడికి అది ఉత్త ఖాళీ జాగా. నిబంధన ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. ఆ మట్టం ఏదన్న దగ్గరే పేచీ. హద్దురాళ్లు జరుగుతాయి, లేఅవుట్లు పుడతాయి, రిజిస్ట్రేషన్ అవుతుంది, ఇంటిపన్ను కడతారు, కరెంటు మీటరు వస్తుంది. ఇరవై ఏళ్ల తర్వాత అది చెరువని ఎవరైనా అంటే, అప్పు తీరుస్తున్న మనిషి ఎవరిని అడగాలి?

2020 ముంపు తర్వాత వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం మొదలైంది. తొలి దశకు సుమారు 985 కోట్లు కేటాయించారు. 2024 జులైలో చెరువులు, నాలాల ఆక్రమణలు తొలగించే అధికారంతో, విపత్తు దళాన్ని కూడా కలుపుకొని హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. అదే ఏడాది సెప్టెంబరులో మూసీగర్భంలోని ఇళ్ల గోడల మీద అధికారులు, తొలగించాల్సినవని గుర్తుగా, ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ (ఆర్‌బీ అంటే రివర్ బెడ్, ఏటిగర్భం) అని రాశారు. బదులుగా ప్రభుత్వం చూపిన డబుల్ బెడ్రూం ఇళ్లకు కొందరు వెళ్లారు, కొందరు ఆ రాతలు చెరిపేశారు. ఎవరి ఇల్లు ముందు పోవాలన్న ప్రశ్న సుధార బోర్డు నాటి నుంచి అలాగే ఉంది. ఒకటి మాత్రం చెప్పుకోవాలి: 1994లో తెరిచిన మహాత్మాగాంధీ బస్ స్టేషన్ ఉన్నదీ మూసీ నడుమనే, గౌలిగూడ లంకలో.

2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లెత్తి 30 వేల క్యూసెక్కులకు పైగా వదిలారు. 1908 ప్రవాహంలో అది పదో వంతు కూడా కాదు. నీళ్లు బస్ స్టేషన్‌లోకి వచ్చాయి. దసరాకు ఊరెళ్లబోయే ప్రయాణికులను చీకట్లో సిబ్బంది బయటికి తెచ్చారు, బస్సులను నగర శివార్లకు మళ్లించారు, చాదర్‌ఘాట్ చిన్న వంతెన మూసేశారు. అంబర్‌పేటలో పూడిపోయి కనుమరుగైన బతుకమ్మకుంటను హైడ్రా తవ్వి మళ్లీ చెరువు చేసింది. దాని ప్రారంభం కూడా ఆ వానకు వాయిదా పడి, సెప్టెంబరు 28న జరిగింది.