పలకల వీధి

తెలుగునాట అక్షరాభ్యాసమైన బిడ్డ తొలుత బియ్యములో ఓనమాలు దిద్దును. పిమ్మట పలక పట్టును. ఆ నల్లని పలక ఏ ఊరినుండి వచ్చినదని అడుగువారు అరుదు. పెక్కు బడులకు పలకలను పంపి పేరుగాంచిన ఊరు మార్కాపురము. మా బాల్యము ఆ ఊరి పలకల కార్ఖానాల నడుమనే గడచినది గనుక, మేమెరిగినంతవరకు ఆ వీధి చరిత్రను మనవి చేయుచున్నాము.

మా స్వగ్రామము పుల్లలచెరువు. నల్లమల చెంత, ఆకాశమును నమ్మి సేద్యము చేయు సీమ అది. వరుసగా రెండేండ్లు వానలు తప్పగా మా తండ్రిగారు ఎడ్లనమ్మి, కుటుంబముతో మార్కాపురము చేరిరి. అప్పటికి ఆ ప్రాంతము కర్నూలు జిల్లాలోనిది. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఒంగోలు జిల్లా ఏర్పడినది. 1972లో దానికి టంగుటూరి ప్రకాశంగారి పేరు పెట్టిరి. పలకమీద కర్నూలు జిల్లా అని యున్నదానిని తుడిపించి, మా ఉపాధ్యాయులు ఒంగోలు జిల్లా అని వ్రాయించుట మాకింకను జ్ఞాపకమున్నది.

పలక రాయి కథ మాత్రము జిల్లాలకు, రాజ్యములకు అందనంత పాతది. నూరు కోట్ల సంవత్సరములకు పూర్వమే ఇచటి నీటి అడుగున పేరుకొనిన సన్నని బురద, భూగర్భపు ఒత్తిడికి గట్టిపడి, పొరలుగా చీలు రాయి అయినది. విలియం కింగ్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలలనుగూర్చి 1872లో ప్రకటించిన గ్రంథములో ఈ రాళ్లకు కంభము పేరు పెట్టెను. ఉలి అంచు ఆనించి సుత్తితో మెల్లగా తట్టినచో అరటిపట్టవలె పొర విడివడును. ఎచట తట్టవలెనో తెలియుటయే పనితనము. మా తండ్రిగారు కన్నుతోకంటె చెవితోనే రాతిని పరీక్షించెడివారు. కంగుమన్న రాయి మంచిది. బొంగురుపోయినది లోపల పగిలినది.

మార్కాపురము, తర్లుపాడు చుట్టుపట్ల గనులనుండి రాయి బండ్లమీద వచ్చెడిది. మగవారు పొరలు చీల్చుదురు. కొలత పట్టి నలుచదరముగా కోయుదురు. ఆడువారు ఇసుకయు నీరును చల్లి రుద్ది నునుపు చేయుదురు. పిల్లలు తుడిచి, డజనుల లెక్కన కట్టలు కట్టుదురు. ఆ కట్టలు మార్కాపురము రోడ్డు స్టేషను చేరి, నాటి మీటరుగేజి బండ్లలో దూరదేశములకు పోయెడివి. తెల్లవారినది మొదలు వీధియంతయు ఉలిచప్పుడే. ఇంటి కప్పుమీదను, కుండ మూతమీదను, తలవెండ్రుకలమీదను బూడిదరంగు పొడి. పుల్లలచెరువు పోవునపుడు విరిగిన పలకముక్కలను మూటగట్టి తీసికొనిపోయెడివారము. అచటి పిల్లలకు అంతకంటె గొప్ప కానుక లేదు. దొండాకు పసరు, బొగ్గు పూసి వానిని నల్లగా నిగనిగలాడించుకొనెడివారు.

ఇంతవరకు మాకు ముచ్చటగానే యున్నది. చెప్పక తీరనిది వేరొకటి కలదు. మా అక్క మాకంటె మూడేండ్లు పెద్ద. మేము బడికి పోతిమి. ఆమె కార్ఖానాకు పోయినది. రోజుకు ఎన్ని డజనులు కట్టినదో నోటితో తప్పు లేకుండ చెప్పగలదు. తన పేరు వ్రాయలేదు. ఒకనాడు విరిగిన పలక నొకదానిని ఇంటికి తీసికొనిపోదునని అడుగగా, కట్టలు కట్టు పిల్లకు పలక యెందులకని మేస్త్రి నవ్వెనట. ఊరి పిల్లలకెల్ల అక్షరములను మోసికొనిపోవు వస్తువును చేసిన చేతులకే అక్షరము దూరమయ్యెను. ఇది మా ఇంటి కథ మాత్రమే కాదు. మా వీధిలో ఇంటింట అట్టి అక్క యొకతె యుండెను. దీనికితోడు, రాతిని పొడిగా కోయునపుడు లేచు ధూళిలో సిలికా యుండును. అది ఊపిరితిత్తులలో చేరినచో మరల వెడలిరాదు. దగ్గును మా పెద్దలు పనితో వచ్చు వార్ధక్యమని తలచెడివారు.

1986లో బాలకార్మిక నిషేధ, క్రమబద్ధీకరణ చట్టము వచ్చినది. 1988లో జాతీయ బాలకార్మిక పథకమును ఆరంభించినపుడు, శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజు, మీర్జాపురము తివాచీలతోపాటు మధ్యప్రదేశములోని మందసౌరు, మన మార్కాపురముల పలకల పరిశ్రమను గూడ ఎన్నుకొనిరి. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేకముగా బడులు తెరచిరి.

తరువాత నోటుపుస్తకములు, ప్లాస్టిక్కు పలకలు వచ్చి రాతిపలక వాడుక సన్నగిల్లినది. అదే రాతిని గోడలకును, నేలకును, ఇంటికప్పులకును అనువుగా కోసి విదేశములకు పంపుట మొదలైనది. బ్రిటనులోని వేల్సు సీమ పలక గనులు 2021లో ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరినవి. అచట గని కార్మికుల జీవితమును చరిత్రగా భద్రపరచిరి. మా వీధికి అట్టి చరిత్ర పెద్దల నోట మాత్రమే యున్నది.

మా అక్క కుమార్తె ఆ ప్రత్యేకపు బడులలో నొకదాన చదివినది. ఒక సాయంకాలము ఆ పిల్ల తల్లిచేతికి బలపమిచ్చి, చేయి పట్టి పేరు దిద్దించినది. వంకరగా నున్న ఆ అక్షరములను అక్క రెండు దినములు తుడువనీయలేదు. ఆమె చేతిమీదుగా పోయిన వేలాది పలకలలో ఆమె వ్రాసిన మొదటి పలక అదియే. మార్కాపురము పలకల చరిత్రను వ్రాయబూనువారు, గనుల లెక్కలతోను ఎగుమతుల లెక్కలతోను దీనినిగూడ చేర్చవలెనని మా మనవి.