నోటు మీద వేలిముద్ర

మంజీరపై 1923లో మొదలైన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. నీళ్లొచ్చాక నస్రుల్లాబాద్ చుట్టుపక్కల వరి పెరిగింది. పంటతోపాటు పెట్టుబడీ పెరిగింది, ఆ వెంటే అప్పూ!

అప్పు తీరేదాకా ఆసామి దగ్గర జీతముండే మనిషిని అప్పట్లో భగేలా అనేవారు. 1936లో నిజాం ప్రభుత్వం ఆ ఒప్పందాలకు చట్టంతో హద్దులు పెట్టింది. అయితే చదువురాని భగేలాకు ఆ సంగతి చెప్పేదెవరు? చట్టం కాగితం మీద, వేలిముద్ర అప్పు నోటు మీద ఉండిపోయాయి.

ఇలాంటివారికి అండగా ఉండే ఉచిత న్యాయసాయం చట్టం 1987లో వచ్చినా, అమలైంది 1995 నవంబరు 9 నుంచే. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేదు, వకీలు ఫీజు సర్కారుదే. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కట్టిన కోర్టు ఫీజూ వాపసు. 2016లో సన్నకారు రైతులు, కూలీలు, చేతివృత్తులవారి కోసం తెలంగాణ ప్రభుత్వం రుణ విమోచన కమిషన్ చట్టం కూడా తెచ్చింది.

అప్పు గురించి కోర్టు నోటీసు ఇంటికొస్తే దాచిపెట్టకండి. ఉచిత న్యాయసాయం కోసం 15100కు ఫోన్ చేయండి.