ఆఫ్రికా కప్పు హాజరుపట్టీ

1957 ఫిబ్రవరి, సూడాన్ రాజధాని ఖార్టూమ్. ఆఫ్రికా ఫుట్‌బాల్ సమాఖ్య పుట్టి అప్పటికి రెండు రోజులే. ఈజిప్టు, సూడాన్, ఇథియోపియా, దక్షిణాఫ్రికా కలిసి పెట్టుకున్న సమాఖ్య అది. ఆ నాలుగు దేశాలూ ఆడాల్సిన పోటీలో ఆడినవి మూడే. అందరూ తెల్లవాళ్ళే ఉన్న జట్టునో, అందరూ నల్లవాళ్ళే ఉన్న జట్టునో పంపుతాం గానీ ఇద్దర్నీ కలిపి పంపేది లేదంది దక్షిణాఫ్రికా. అలాగైతే రానక్కర్లేదన్నారు మిగతావాళ్ళు. దాంతో ఇథియోపియా కాలు కదపకుండానే ఫైనల్‌కి చేరింది, అక్కడ ఈజిప్టు చేతిలో 4-0తో ఓడింది. నాలుగు గోల్సూ అద్ దీబా ఒక్కడివే. రెండు మ్యాచ్‌లతో తొలి ఆఫ్రికా కప్పు ముగిసిపోయింది.

గెలిచినవాళ్ళ చిట్టా కావాలంటే ఎక్కడైనా దొరుకుతుంది. ఈజిప్టు ఏడుసార్లు, కామెరూన్ అయిదుసార్లు, ఘనా నాలుగుసార్లు. ఈ కప్పు కథ నాకు మాత్రం హాజరుపట్టీలో ఖాళీగా మిగిలిన గళ్ళ దగ్గరే ఎక్కువగా దొరుకుతుంది.

ఖార్టూమ్ పోటీ ముగిసిన మూడు వారాలకే ఘనాకి స్వాతంత్ర్యం వచ్చింది. కొత్త దేశానికి జెండా ఎంత అవసరమో ఫుట్‌బాల్ జట్టూ అంతే అవసరమనుకున్నాడు దేశ నాయకుడు ఎన్‌క్రుమా. జట్టు పేరు ‘బ్లాక్ స్టార్స్’. గ్యాంఫీ శిక్షణలో 1963లోనూ, 1965లోనూ కప్పు వాళ్ళదే. ఖండంలో ఎదురులేని ఆ జట్టు 1966 ప్రపంచకప్పులో కనబడదు. ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా మూడింటికీ కలిపి ఒక్కటే చోటు ఇస్తామంది ఫిఫా. ఆ విదిలింపు మాకొద్దని ఆఫ్రికా మొత్తం మొహం తిప్పుకుంది. నాలుగేళ్ళకి, 1970లో, ఖండానికంటూ ఒక చోటు దక్కింది. 2026కి ఆ చోట్లు నేరుగా తొమ్మిదయ్యాయి. మైదానంలో అడుగుపెట్టకుండా ఘనా గెలిచిన మ్యాచ్ అదేనేమో!

డెబ్బయ్యో దశకంలో కాంగో, జైర్‌గా పేరు మార్చుకుని, పైకొచ్చింది. 1974లో ఎన్‌డాయె ములాంబా తొమ్మిది గోల్స్ కొట్టి జైర్‌కి కప్పు తెచ్చాడు. ఒకే టోర్నీలో అన్ని గోల్స్ ఇప్పటికీ ఇంకొకరు కొట్టలేదు. అదే ఏడు ప్రపంచకప్పులో యుగోస్లావియా చేతిలో జైర్ 9-0తో చిత్తయింది. ఆ మ్యాచ్‌లో తప్పు చేసింది సహచరుడైతే, రిఫరీ పొరబడి ములాంబాని బయటికి పంపాడు. 1994లో పాత వీరుడని పిలిచి ట్యునీషియాలో సన్మానం చేశారు. ఇంటికి చేరాక సాయుధులొచ్చి కాలిమీద కాల్చారు. దక్షిణాఫ్రికాకి పారిపోయాడు. 1998లో బుర్కినా ఫాసోలో జరిగిన కప్పులో అతను చనిపోయాడని ఒక నిమిషం మౌనం కూడా పాటించారు. అప్పటికి ములాంబా కేప్‌టౌన్ శివార్లలో బతికే ఉన్నాడు. 2019 దాకా బతికాడు.

జాంబియా కథలో అలాంటి పొరబాటుకి తావు లేకపోయింది. 1993 ఏప్రిల్ 27న ప్రపంచకప్పు అర్హత మ్యాచ్ కోసం సెనెగల్ వెళ్తూ ఆ జట్టు విమానం గాబన్ రాజధాని లిబ్రవిల్‌లో ఇంధనం నింపుకుంది. పైకి లేచిన కాసేపటికే సముద్రంలో కూలింది. లోపలున్న ముప్ఫైమందిలో ఒక్కరూ మిగల్లేదు. కెప్టెన్ కలుషా బ్వాల్యా హాలండ్‌లో ఆడుతుండడంతో విడిగా రావాల్సి ఉంది కాబట్టి బతికాడు. అతను కొత్త కుర్రాళ్ళని వెంటేసుకుని ఏడాది తిరిగేలోగా ఆఫ్రికా కప్పు ఫైనల్‌కి వెళ్ళాడు. నైజీరియా 2-1తో గెలిచింది. మళ్ళీ 2012లో జాంబియా ఫైనల్‌కి వచ్చినప్పుడు వేదిక ఆ లిబ్రవిలే. ఆటగాళ్ళు ముందుగా సముద్రపు ఒడ్డుకి వెళ్ళి పూలు పెట్టొచ్చారు. ఎదురుగా ఐవరీ కోస్ట్. వాళ్ళ ఆటగాడు డ్రోగ్బా పెనాల్టీని గోలు పైనుంచి తన్నేశాడు. షూటౌట్‌లో 8-7తో జాంబియా గెలిచింది. అప్పటికి జాంబియా సమాఖ్య అధ్యక్షుడు కలుషానే.

మళ్ళీ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1996 కప్పు కెన్యాలో జరగాల్సింది, దక్షిణాఫ్రికాకి మారింది. ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందట గేటు బయట ఆగిపోయిన దేశం ఇప్పుడు ఇంటి యజమాని. ఈసారి రానిది డిఫెండింగ్ ఛాంపియన్ నైజీరియా. రచయిత కెన్ సారో వివాని అక్కడి సైనిక ప్రభుత్వం ఉరితీస్తే మండేలా గట్టిగా విమర్శించాడు, దానికి అలిగిన పాలకులు జట్టుని ఆపేశారు. సొవెటో పక్కనున్న స్టేడియంలో జరిగిన ఫైనల్లో మార్క్ విలియమ్స్ సబ్‌స్టిట్యూట్‌గా దిగి రెండు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టాడు. ట్యునీషియా ఓడింది. కప్పెత్తిన కెప్టెన్ నీల్ టోవీ తెల్లవాడు. పక్కన జట్టు జెర్సీ వేసుకుని మండేలా. 1957లో పంపమన్న కలగలుపు జట్టు ఇదే.

పదేళ్ళ తర్వాత ఈజిప్టు హసన్ షెహాతా కోచింగ్‌లో 2006, 2008, 2010 వరసగా మూడూ పట్టుకుపోయింది. ఆటగా అది గొప్ప ఘనతే. కానీ 2010 అనగానే నాకు గుర్తొచ్చేది టోగో. అంగోలాలోని కబిండాలో ఆ జట్టు బస్సు మీద తిరుగుబాటుదారులు తుపాకులు పేల్చారు. సహాయ కోచ్, మీడియా అధికారి చనిపోయారు. శవాలతో జట్టు ఇంటికి తిరిగిపోతే, ఆడకుండా వెళ్ళారంటూ సమాఖ్య వాళ్ళని రెండు టోర్నీలు నిషేధించింది. తర్వాత ఎత్తేశారు, నిజమే. కానీ ఆ నిషేధం వెయ్యడానికి సమాఖ్యకి చేతులెలా వచ్చాయో! 2015లో ఎబోలా భయంతో ఇప్పుడు పెట్టలేనంది మొరాకో. టోర్నీ ఈక్వటోరియల్ గినీకి తరలిపోయింది.

మూడు జట్లతో మొదలైన కప్పు 2019కి ఇరవై నాలుగు జట్లదైంది. 2024 ఆరంభంలో ఆతిథ్యం ఐవరీ కోస్ట్‌ది. సొంతగడ్డ మీద, ఈక్వటోరియల్ గినీ చేతిలోనే 4-0తో ఓడారు. కోచ్‌ని మధ్యలోనే సాగనంపారు. 2012లో జాంబియా కోచ్‌గా తమని ఓడించి, 2015లో తమకే కప్పు తెచ్చిపెట్టిన ఎర్వే రెనార్‌ని అరువివ్వమని అప్పుడతను పనిచేస్తున్న ఫ్రాన్స్‌ని అడిగారు; కుదరలేదు. పెట్టెలు సర్దుకునే వేళకి మొరాకో జాంబియాని ఓడించడంతో వీళ్ళకి నాకౌట్ దశలో కొసన ఒక చోటు దక్కింది. కుర్ర కోచ్ ఎమెర్స్ ఫయే చేతిలో జట్టు ఫైనల్ దాకా పాకింది. నైజీరియాతో 1-1గా ఉన్నప్పుడు, 81వ నిమిషంలో, సెబాస్టియన్ హలర్ కాలు చాచాడు. ఏడాదిన్నర కిందట క్యాన్సర్ బయటపడి ఆటకి దూరమైనవాడు. బంతి గోల్లోకి దొర్లింది.