లెక్కకెక్కని ఇంటి చదువు

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరికీ ఒక పని పురమాయించాడు: మీ జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు, వాళ్లు ఏ కులాలవాళ్లో లెక్క పంపండని. వీధిబడిని లెక్కపెట్టడం తేలికే. అరుగు మీద పంతులూ, ఎదురుగా పిల్లలూ కనిపిస్తారు. తాతో, మేనమామో ఇంట్లో కూర్చోబెట్టి దిద్దించే చదువు ఏ ఉద్యోగి కంట పడుతుంది?

మద్రాసు పట్నం కలెక్టరు మాత్రం ఆ లెక్కా పంపాడు. ఇంట్లో చదువుకునే పిల్లలు దాదాపు 27 వేలట! బడికి వెళ్లేవాళ్లకు దాదాపు అయిదు రెట్లు. ఇందులో ఏదో పొరపాటుందని 1826 మార్చిలో మన్రోయే రాశాడు. అయినా బంధువులో, సొంతంగా పెట్టుకున్న పంతుళ్లో ఇంట్లో చదువు చెప్పడం అన్నిచోట్లా ఉన్నదేనని ఒప్పుకున్నాడు. అందుకే చదువుకునే మగపిల్లల వాటా నాలుగో వంతు కన్నా మూడో వంతుకే దగ్గరని అంచనా కట్టాడు. ఆ 27 వేలను నమ్మడం నాకూ కష్టమే. మిగతా జిల్లాల నుంచి ఇంటి చదువు లెక్కే రాలేదని మన్రో రాశాడు. ఆ ఖాళీని సున్నా అనుకుంటే అంతకు మించిన పొరపాటు.

బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం రాసినవాడు. ఈ లెక్కల కోసం 1823లో ఆయన పంపిన నివేదికలో అక్షరాభ్యాసం కళ్లకు కడుతుంది. బిడ్డకు అయిదేళ్లు రాగానే పంతులునూ బడిపిల్లల్నీ ఇంటికే పిలుస్తారు. వినాయకుడి ఎదుట కూర్చోబెట్టి, బియ్యంలో వేలు పట్టి రాయిస్తారు. ఆపైన ఇసుకలో దిద్దడం. నోటి కన్నా ముందు చేతికి అక్షరం వస్తుందన్నమాట. అర్థం తెలియకుండా పద్యాలు వల్లె వేయించడం ఆయనకు గిట్టలేదు. ముందున్న పిల్లలు వెనకబడినవాళ్లకు నేర్పడాన్ని మాత్రం తెగ మెచ్చుకున్నాడు.

ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాళ్లలో ఆడపిల్లలు 60 మందే. అక్షరమ్ముక్క వచ్చిన ఆడవాళ్లు అంతేనా?

1874లో పుట్టిన భండారు అచ్చమాంబ సంగతే చూడండి. బడికి వెళ్లలేదు, చిన్నప్పుడే పెళ్లయింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే, ఆ అక్క ఇంట్లోనే అతనితో పాటు చదువు నేర్చుకున్నారు. ఆ చదువుతోనే కథలు రాశారు, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు రాశారు. మన్రో కాలపు పట్టికలు ఆమె నాటికీ కొనసాగి ఉంటే, ఏ బడి పద్దులోనూ ఆమె పేరు పడేది కాదు.