దేశభక్తి

దేశభక్తి అనగా తనదిగా భావించే దేశముపై గల ప్రేమ, దాని మేలుకు పాటుపడు బుద్ధి. "దేశమునందు భక్తి" అని విగ్రహవాక్యము. రెండు పదములూ సంస్కృతము నుండి వచ్చిన తత్సమములు.

వ్యుత్పత్తి

'దేశము'నకు మూలము చూపుట అను అర్థము గల 'దిశ్' ధాతువు. 'దిశ' కూడా అందుండి పుట్టినదే. చోటు, ప్రాంతము అనునవి దీని పాత అర్థములు. ఇల్లు విడిచి తిరుగువానిని "దేశాలు పట్టి పోయాడు" అనుటలో ఆ అర్థమే నిలిచి ఉన్నది. 'భక్తి'కి మూలమైన 'భజ్' ధాతువునకు పంచుకొనుట, సేవించుట అని అర్థములు. భాగము, విభక్తి అను మాటలు దీని నుండి వచ్చినవే.

వాడుక

తిరుపతి, చిత్తూరు ప్రాంతమున భక్తి అనగానే స్ఫురించునది వేంకటేశ్వరుడే. తిరుమల యాత్రికులను అక్కడ భక్తులనే అంటారు. తాళ్ళపాక అన్నమాచార్యుని (1408-1503) సంకీర్తనలలో భక్తి దైవమునకు చెందినది. ఈ మాట దేశమునకు ముడిపడి విరివిగా వ్యాపించినది జాతీయోద్యమ కాలమున. 'దేశభక్త' బిరుదై కొండా వెంకటప్పయ్య పేరు ముందు చేరినది. గురజాడ అప్పారావు 1910లో రచించిన గేయము పేరు "దేశభక్తి". పేరులో భక్తి ఉన్నను గేయము అడుగునది పూజ కాదు, ప్రేమ; అందులో దేశమనగా నేల కాదు, ప్రజలు.

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో, దివ్యజ్ఞాన కళాశాల అతిథిగా ఉండి, "జనగణమన"ను ఆంగ్లములోనికి అనువదించాడు. మార్గరెట్ కజిన్స్ బాణీకి స్వరలిపి కూర్చినది. 1917లో జాతీయవాదమును విమర్శించు ఉపన్యాసముల గ్రంథమును వెలువరించినవాడూ ఠాగూరే. కావున దేశభక్తి, జాతీయవాదము అను మాటలను పర్యాయపదములుగా వాడుట సరి కాదు.