ఎక్కడం కన్నా దిగడమే కష్టం: డర్బన్ నుంచి కొండల మీదికి బరువులు

డర్బన్ ఓడరేవు సముద్రం ఒడ్డున ఉంది. జోహానెస్‌బర్గ్ సముద్రమట్టానికి సుమారు 1,750 మీటర్ల ఎత్తులో ఉంది. రెండింటి మధ్య దూరం సుమారు 570 కిలోమీటర్లు. ఓడలో వచ్చిన ప్రతి సరుకూ ఆ ఎత్తు ఎక్కాల్సిందే. దారిలో డ్రాకెన్స్‌బర్గ్ కొండలు గోడలా అడ్డం నిలబడతాయి. నేను పుట్టి పెరిగిన ఊరి చరిత్రలో సగం ఈ ఎత్తు గురించే అని నాకు అనిపిస్తుంది. అందుకే ఈసారి రాజుల గురించి, యుద్ధాల గురించి కాకుండా బరువుల గురించి రాస్తున్నాను.

ముందు కొన్ని మాటలు నేర్చుకుందాం. ఎద్దుల మెడ మీద పెట్టే కొయ్య పేరు కాడి. కాడిని బండికి కలిపే పొడుగు కర్ర నొగ. చక్రాలు తిరిగే కడ్డీ ఇరుసు. చక్రం మధ్య నుంచి అంచుదాకా ఉండే కర్రలు ఆకులు. ఎద్దు మెడకు కట్టే తాడు పలుపు. పని మధ్యలో మానేస్తే 'కాడి వదిలేశాడు' అంటారు. బండి చూడని వాళ్ళ నోట కూడా ఈ మాట ఇంకా బతికే ఉంది.

ఇక్కడి ఎద్దుబండి ఆంధ్రా పల్లెల్లోని రెండెద్దుల బండి లాంటిది కాదు. నాలుగు చక్రాల పెద్ద బండి. దానికి మామూలుగా 16 ఎద్దులు, అంటే ఎనిమిది జతలు. ఒక జత వెనక ఇంకో జత, మధ్యలో పొడుగాటి గొలుసు. సరుకులు మోసే బండి మూడు నాలుగు టన్నులు లాగేది. తోలేవాడు పక్కన నడుస్తూ పొడుగాటి కొరడా ఝళిపించేవాడు. అన్నిటికన్నా ముందు, మొదటి జత పలుపు పట్టుకుని ఇంకొకడు నడిచేవాడు. ఆఫ్రికాన్స్ భాషలో అతన్ని 'ఫూర్‌లోపర్' అంటారు, అంటే ముందు నడిచేవాడు. చాలాసార్లు అతను చిన్న పిల్లవాడే.

కొండ వచ్చినప్పుడు ఏం చేసేవాళ్ళు? ఒక చిన్న లెక్క చూడండి. పది అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేచే దారి అనుకుందాం. నాలుగు టన్నుల బండి ఆ దారి ఎక్కాలంటే, నేల మీద లాగే బలం కాక, ఇంకో 400 కిలోల బరువు ఎత్తేంత బలం కావాలి. ఎద్దులు కూడా తమ ఒళ్ళు తామే పైకి మోసుకోవాలి. అందుకని రెండు బళ్ళను కింద ఆపి, ఒక బండి ఎద్దుల్ని ఇంకో బండికి కలిపి కట్టేవాళ్ళు. 32 ఎద్దులు ఒకే బండిని లాగి పైకి చేర్చేవి. తర్వాత అవన్నీ కిందికి దిగి రెండో బండిని లాగేవి. బండి ఒక్కసారి ఎక్కితే ఎద్దు రెండుసార్లు ఎక్కేది.

అయినా ఎక్కేటప్పుడు ఎద్దులు అలిసిపోతే బండి ఆగుతుంది, రాయి అడ్డం పెట్టి ఊపిరి తీసుకోవచ్చు. దిగేటప్పుడు బరువే బండిని తోస్తుంది. అది జారితే ముందున్న ఎద్దుల మీదికే వస్తుంది. అందుకని వెనక చక్రం కింద ఇనుముతోనో కర్రతోనో చేసిన చెప్పు లాంటిది పెట్టేవాళ్ళు. దాని పేరు 'రెమ్‌స్కూన్', అంటే బ్రేకు చెప్పు. చక్రం తిరగకుండా ఆ చెప్పు మీద ఈడ్చుకుంటూ దిగుతుంది. కేప్ దగ్గర గాంటౌ కనుమలో పాత బళ్ళ చక్రాలు రాతిలో చేసిన గాళ్ళు ఇప్పటికీ కనిపిస్తాయి. అక్కడ కష్టం భరించలేక 1830లో సర్ లౌరీస్ పాస్ అనే కొత్త దారి వేశారు.

1837లో డచ్ సంతతి రైతులు వందల బళ్ళతో డ్రాకెన్స్‌బర్గ్ దాటి నటాల్‌లోకి దిగారు. చాలా నిటారుగా ఉన్న చోట్ల వెనక చక్రాలు ఊడదీసి, వాటి బదులు చెట్ల కొమ్మలు కట్టి, బండిని నేల మీద ఈడుస్తూ దించారు. ఆ ఏడాది నవంబరు 12న, తమ నాయకుడు పీట్ రెటీఫ్ పుట్టినరోజని, ఆయన కూతురు ఒక బండ మీద ఆయన పేరు రంగుతో రాసింది. ఆ బండ ఇప్పటికీ ఉంది. పలుపు పట్టుకుని ముందు నడిచిన పిల్లల పేర్లు ఏ బండ మీదా లేవు. వాళ్ళలో చాలామంది నల్లజాతి పనివాళ్ళ పిల్లలు.

తర్వాత రైలు వచ్చింది. ఇక్కడే మన వాళ్ళ కథ కూడా మొదలవుతుంది. 1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. 1911 వరకు ఒప్పందం మీద లక్షన్నర మందికి పైగా భారతీయులు నటాల్ వచ్చారు. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఎక్కువమంది చెరకు తోటలకి వెళ్ళారు. కొంతమంది నటాల్ ప్రభుత్వ రైల్వేలో చేరారు. ఓడ జాబితాల్లో ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఉండేది. పేరు తప్పుగా రాసినా నంబరు మాత్రం సరిగ్గా ఉండేది!

రైలు 1880లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ చేరింది. 1886లో లేడీస్మిత్, 1891లో చార్లెస్‌టౌన్. 1893లో గాంధీగారిని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో దింపేసిన సంగతి మీకు తెలుసు. ఆయన మర్నాడు ఇంకో రైలెక్కి చార్లెస్‌టౌన్ దాకానే వెళ్ళగలిగారు. పట్టాలు అక్కడే అయిపోయాయి, ఆ తర్వాత గుర్రపు బండి. 1895 చివరికి గాని జోహానెస్‌బర్గ్‌కి దారి కలవలేదు.

ఈ దారిలో 30 అడుగులకి ఒక అడుగు ఎత్తు ఉండే చోట్లు ఉన్నాయి. రోడ్డుకి అది తక్కువే, రైలుకి చాలా ఎక్కువ. 300 టన్నుల రైలు అక్కడ ఎక్కాలంటే 10 టన్నుల బరువు ఎత్తేంత బలం అదనంగా కావాలి. వాన్ రీనెన్ కనుమలో కొండ ఇంకా నిటారుగా ఉంది. అక్కడ రైలు ముందుకి వెళ్ళి, ఆగి, వెనక్కి ఎక్కి, మళ్ళీ ముందుకి ఎక్కేది. 1896-97లో పశువులకు మహమ్మారి వచ్చి దక్షిణ ఆఫ్రికాలో పశువులు చాలావరకు చచ్చిపోయాయి. ఎద్దుబండి కాలం ముగిసిపోవడానికి రైలు ఒక కారణమైతే, ఆ జబ్బు ఇంకో కారణం.

నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి 1920ల నాటిది. పీటర్‌మారిట్జ్‌బర్గ్, గ్లెన్‌కో మధ్య దారిని కరెంటు రైళ్ళకి మార్చారు. కొలెన్సోలో విద్యుత్ కేంద్రం కట్టారు. ఆ ఇంజన్లలో ఒక గొప్ప ఏర్పాటు ఉంది. రైలు కొండ దిగేటప్పుడు మోటార్లే బ్రేకులా పట్టుకుని, కరెంటు తయారు చేసి తీగలోకి తిరిగి పంపిస్తాయి. దిగే రైలు ఎక్కే రైలుకి సాయం చేస్తుందన్నమాట. వందేళ్ళ కిందటే!

ఇప్పుడు సరుకు ఎక్కువగా ట్రక్కుల మీద పోతోంది. ఇక్కడ చట్టం ప్రకారం ఒక ట్రక్కు, దాని ట్రైలర్లు, సరుకు కలిపి 56 టన్నుల దాకా ఉండొచ్చు. అంత బరువు 400 మీటర్ల ఎత్తు దిగితే పుట్టే వేడి సుమారు 650 లీటర్ల చన్నీళ్ళని మరిగే దాకా తేగలదు. ఆ వేడంతా బ్రేకుల మీదే పడితే అవి పట్టు వదిలేస్తాయి. అందుకే దిగకముందే చిన్న గేరు వెయ్యాలి, ఇంజనే బండిని పట్టి ఉంచాలి. పీటర్‌మారిట్జ్‌బర్గ్ దగ్గర టౌన్ హిల్‌లో రోడ్డు పక్కన కంకర పరిచిన దారులు అందుకే ఉన్నాయి. బ్రేకులు పోయిన ట్రక్కు అందులోకి దూరితే కూరుకుపోయి ఆగుతుంది.

అన్ని కొండల మీదా అలాంటి దారి ఉండదు. 2013 సెప్టెంబరు 5న పైన్‌టౌన్ దగ్గర ఫీల్డ్స్ హిల్‌లో ఒక ట్రక్కు ఆగకుండా దిగి, కింద కూడలిలో టాక్సీల మీదికి వెళ్ళింది. 24 మంది చనిపోయారు. చాలామంది పని నుంచి ఇంటికి వెళ్తున్నవాళ్ళు. ఆ తర్వాతే ఆ రోడ్డు మీద పెద్ద ట్రక్కుల్ని నిషేధించారు.

తిరుమల కొండకి ఎక్కడానికి ఒక ఘాట్ రోడ్డు, దిగడానికి వేరే ఘాట్ రోడ్డు ఉన్నాయి. ఎక్కడం, దిగడం రెండూ వేరు వేరు పనులని అక్కడ రోడ్డే చెప్తుంది. మన చరిత్ర పుస్తకాలు మాత్రం ఎక్కిన వాళ్ళ గురించే రాస్తాయి. బంగారం దొరికింది, నగరం పెరిగింది, రైలు చేరింది అంటాయి. బరువు జారకుండా పట్టుకున్న వాళ్ళ గురించి తక్కువ రాస్తాయి. చక్రం కింద చెప్పు పెట్టినవాడు, పలుపు పట్టిన పిల్లవాడు, పట్టాలు సరిచేసిన నంబరు మనిషి, ఈ రాత్రి టౌన్ హిల్ పైన గేరు మార్చే డ్రైవరు, వీళ్ళందరిదీ ఒకటే పని. వాళ్ళు ఆ పని బాగా చేసినంత కాలం రాయడానికి ఏమీ జరగదు. మనకి బియ్యం, పప్పు, చింతపండు మాత్రం కొట్టుకి వచ్చేస్తాయి.